గ్రీనే, పోనీ!

పోయిన వారం మిమ్మల్ని జగదల్‌పూర్‌లో పరీక్ష సెంటరు గుమ్మం దగ్గర నిలబెట్టేసి నేను లోపలికి వెళ్లిపోయాను. కాళ్లు పీకేసి ఉంటాయి. రండి, కూర్చోండి.

కొత్తవాళ్లుంటే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు వరహాలమ్మ. ఇంట్లో వరాలు. హిందీ నడిచే గనుల ఊరు కిరండూల్‌లో, ఇనుపరాయి మోసే లారీల ఆఫీసులో ఆరేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. పెళ్లి చేసుకుని విశాఖపట్నం వెళ్లి, అక్కడ పొసగక తిరిగొచ్చినదాన్ని. ఈ లోకంలో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ ఆఫీసులో కిటికీ పక్కనున్న కుర్చీ ఒక్కటే ఉంది. ఎర్రదుమ్ము నేను తుడిస్తేనే పోతుంది, నేను కూర్చుంటేనే అది కిర్రుమంటుంది. ఇప్పుడు మా సేఠ్‌గారు కంప్యూటరు లెక్కల ట్యాలీ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చినవాళ్లే ఆ కుర్చీలో కూర్చోవాలన్నారు. నెలాఖరులోగా నేను తెస్తే సరే, తేకపోతే ఆయన బావమరిది సిద్ధంగా ఉన్నాడు. మొదటిసారి పరీక్షకి బయల్దేరితే వానకి రోడ్డు తెగిపోయింది. ఇది రెండోసారి. మూడోసారికి సేఠ్‌గారు ఆగరు.

నాన్న తోడొచ్చాడు. ఆయన పేరు దేవరాజు. ముప్ఫై ఏళ్లు ఇనుపరాయి రైళ్ల డ్రైవరుగా ఇంజన్లలో బతికి రిటైరైన మనిషి, రైలెక్కుదాం నాన్నా అంటే మాత్రం రానన్నాడు. బస్సులోనే వచ్చాం. ఎక్కగానే ఎప్పట్లాగే కుడివైపు వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. "ఎండ అటే కొడుతోంది, ఇటు రా" అంటే వినలేదు. ఇంట్లోనూ అంతే, మంచం గోడకి ఆనించుకుని, కుడిభుజం గోడకి తగిలేలా కూర్చుంటే తప్ప ఆయనకి కుదరదు. నచ్చని మాట చెవికెక్కించుకోడు. అమ్మ దాన్ని పొగరంటుంది. నేనూ అదే అనుకుంటూ పెరిగాను.

సరే, హాల్లోకి వద్దాం. అక్కడ నేను చేసిన ఘనకార్యం అర్థం కావాలంటే ముందు మా రైల్వే కాలనీ జబ్బు గురించి చెప్పాలి.

రైలింజన్లో ఇద్దరుంటారు. డ్రైవరు సిగ్నల్ చూసి, చెయ్యెత్తి "గ్రీన్!" అని కేకెయ్యాలి. అసిస్టెంటు కూడా తన కళ్లతో చూసి, తానూ చెయ్యెత్తి "గ్రీన్!" అని బదులు పలకాలి. ఒకరి కన్ను పొరబడితే రెండోవాడి నోరు కాపాడాలని ఆ నియమం. మా కాలనీలో ఈ అలవాటు ఇంజను దిగి వంటింట్లోకి వచ్చేసింది. గ్యాసు కట్టేసి అమ్మ "బంద్!" అనేది. మేం ఏ మూలనున్నా చెయ్యెత్తి "బంద్!" అనాలి. తలుపు గడియకీ అంతే, నీళ్ల మోటారుకీ అంతే. ఒకసారి గుళ్లో ఒకావిడ కొబ్బరికాయ కొట్టి "కొట్టేను!" అంటే, వెనక నిలబడ్డ ఆడవాళ్లంతా చేతులెత్తి "కొట్టేవు!" అన్నారు. పూజారి ఒడిశా నుంచి కొత్తగా వచ్చాడు, అదేదో మంత్రమనుకున్నాడు పాపం.

పదకొండేళ్ల కిందట మా ఇంట్లో ఆ కేకలు ఆగిపోయాయి. నాన్నే ఆపించాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను. నోరాగింది గాని అలవాటు ఎక్కడికి పోతుంది? గుండె దడదడలాడినప్పుడు ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే లేస్తుంది.

పరీక్ష మొదట్లో బాగానే సాగింది. కంపెనీ తెరిచాను, సరుకుల పేర్లు ఎక్కించాను. జీఎస్టీ దగ్గర కొంచెం చెమట పట్టింది. ఒక కొనుగోలు బిల్లు ఎక్కించమని ప్రశ్న. అంతా ఎక్కించాక తెరమీద ఆ చిన్న పెట్టె వచ్చింది, ఒప్పుకుంటావా, లేదా అని. రోజూ ఆఫీసులో ఎన్నిసార్లు నొక్కుతానో లెక్కలేదు, ఇక్కడ మాత్రం వేలు కదల్లేదు. తప్పయితే? ఒకసారి పైనుంచి కిందకి చూశాను. సరిగ్గానే ఉంది. అంతే, కుడిచెయ్యి లేచిపోయింది, నోరు తెరుచుకుపోయింది.

"పర్చేజ్!"

హాలంతా ఉలిక్కిపడింది. అంతకంటే ఘోరం ఆ వెంటనే జరిగింది. నా పక్క కంప్యూటరు ముందు కూర్చున్న బక్కపల్చటి అమ్మాయి, తల తెరమీంచి తిప్పకుండానే, చెయ్యెత్తి గట్టిగా బదులు పలికింది.

"పర్చేజే, పోనీ!"

అన్నాక గాని ఆ పిల్లకి తెలివి రాలేదు. నోరు మూసుకుని నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. ఓలమ్మో, అనుకున్నాను.

కాపలా ఉన్న కళ్లజోడు సారు పరుగున వచ్చాడు. "యే క్యా హో రహా హై?" అంటూ ఇద్దరినీ లేపేశాడు. నేను జవాబు అందించానట, ఆ పిల్ల అందుకుందట. అంత బాహాటంగా కాపీ కొట్టేవాళ్లని తన సర్వీసులో చూడలేదట. "మూడేళ్లు బ్యాన్" అన్నాడు హిందీలో. ఆ మూడేళ్ల మాట వినగానే నాకు సేఠ్‌గారి బావమరిది కనబడ్డాడు. నా కుర్చీలో, నా కిటికీ పక్కన, నా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

మమ్మల్ని ఇన్‌ఛార్జి గదిలోకి తోలాడు. ఇన్‌ఛార్జి ఆయతి మేడమ్. యాభై ఏళ్ల మనిషి, చెవులకి బరువైన వెండి లోలకులు, ముక్కుమీద కళ్లజోడు. సారు చెప్పిందంతా చివరిదాకా వింది. ఆ తర్వాత మమ్మల్ని హిందీలో ఏమిటిదని అడిగింది. నాకు హిందీ బాగానే వచ్చు. లారీ డ్రైవర్లతో దెబ్బలాడేంత వచ్చు. ఆ గదిలో మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"నానేటీ సెప్పలేదు మేడమ్, అలవాటు... అలా వచ్చీసింది" అన్నాను తెలుగులో, ఏడుపు గొంతుతో.

ఆవిడ కళ్లజోడు తీసింది. "ఏంది, తెలుగోళ్లా మీరు? ఆ ముక్క ముందే చెప్పొద్దా? మాది భోపాల్‌పట్నం, అక్కడంతా తెలుగే. ఏడవకుండ్రి, ఎందుకు మొత్తుకున్నరో చెప్పుండ్రి."

చెప్పాం. ఇద్దరం ఒకరి మాట ఒకరం లాక్కుంటూ, ఇంజను సంగతి, సిగ్నల్ సంగతి, గ్యాసు బంద్ సంగతి, అన్నీ చెప్పాం. ఆ పిల్లది కూడా రైల్వే ఇల్లేనని అప్పుడే తెలిసింది. మేడమ్ అదంతా హిందీలో సారుకి చెప్పింది. సారు నవ్వాడు. ఆ నవ్వులో నమ్మకం లేదు. ఇలాంటి కథలు తను చాలా విన్నానన్నాడు.

మేడమ్ లేచి హాల్లోకి వెళ్లి మా ఇద్దరి తెరలూ చూసి వచ్చింది. "ఈ పిల్లకి వచ్చిన పేపరు వేరు, ఆ పిల్లకి వచ్చింది వేరు. ఈమె కొనుగోలు చేస్తున్నది, ఆమె జీతాలు లెక్కగడుతున్నది. ఈమె మాటతో ఆమెకేం లాభం?" అంది సారుతో, హిందీలో.

సారు తగ్గలేదు. కోడ్ భాష అయ్యుండొచ్చన్నాడు. హాల్లో మాట్లాడటమే నేరమని రూల్ ఉందన్నాడు. నిజమే, రూల్ ఉంది. నాకు మళ్లీ చెమటలు పట్టాయి.

"సరే, రూల్ ప్రకారమే పోదాం. ఏం జరిగిందో ఇద్దరూ రాసివ్వండి" అంది మేడమ్. చెరో కాగితం ఇచ్చి, ఒకరి వీపు ఒకరివైపు ఉండేలా చెరో గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. మేం వంగి రాసుకుంటున్నాం. నాకు కళ్లనీళ్లకి అక్షరాలు కనబడటం లేదు. మేడమ్ సారుతో టీ గురించి ఏదో మాట్లాడుతోంది. పంచదార తక్కువ వెయ్యమను, నాకు... అంటూ ఆ మాట మధ్యలో, ఉన్నట్టుండి గట్టిగా,

"గ్రీన్!" అంది.

నా చెయ్యి లేచింది. "గ్రీన్!" అన్నాను గోడతో.

నా వెనకనుంచి ఆ పిల్ల గొంతు ఖంగుమంది. "గ్రీనే, పోనీ!"

ఇద్దరం చేతులెత్తి గోడలకి దణ్ణం పెడుతున్నవాళ్లలా అలాగే ఉండిపోయాం. ముందు మేడమ్ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది, లోలకులు ఊగిపోయేలా నవ్వింది. ఆ తర్వాత, నమ్మండి నమ్మకపోండి, కళ్లజోడు సారు కూడా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "జావో భాయీ, జావో" అన్నాడు.

"ఇది కాపీ కాదు, రోగం" అంది మేడమ్. "మందులేని రోగం. పోండ్రి, మీకు పోయిన టైము కలిపిస్త. ఈసారి నోట్లో జేబురుమాలు కుక్కుకొని రాయుండ్రి."

నిజంగానే కుక్కుకున్నాను. ఆవిడకి దణ్ణం పెట్టాను. నిలువునా మునిగిపోయేదాన్ని జుట్టు పట్టుకుని పైకి లాగినట్టయింది. హాల్లోకి వెళ్లాక మాత్రం ఏ ప్రశ్నకీ భయం వెయ్యలేదు. ఒకసారి పోయిందనుకున్న కుర్చీ మళ్లీ కనబడ్డాక ఇంకేం భయం? ఆఖరి పేజీలో గుండ్రం కాసేపు తిరిగి తిరిగి, పాస్ అని చూపించింది. నేను నోట్లో జేబురుమాలుతోనే ఏడ్చాను. అయ్యబాబోయ్, ఎంత హాయిగా ఉందో! సేఠ్‌గారి బావమరిది గాలికి కొట్టుకుపోయాడు.

పక్కకి చూస్తే ఆ పిల్ల కూడా కళ్లు తుడుచుకుంటోంది. పాసైంది.

ఆ ఆనందం కుదుటపడ్డాక గాని ఇందాకటి మాట నా బుర్రలో సరిగ్గా మోగలేదు. గ్రీనే, పోనీ.

అందరు అసిస్టెంట్లూ 'గ్రీన్' అంటే 'గ్రీన్' అనే అంటారు. రూల్ అదే. మా లైన్లో 'గ్రీనే, పోనీ', అంటే బండి పోనివ్వు, అనే మనిషి ఒక్కడే ఉండేవాడు. మా నాన్న పక్కన ఏళ్లతరబడి అసిస్టెంటుగా చేసిన భూషణం బాబాయి. మా పక్క క్వార్టరే. నాన్నకి తోడబుట్టినవాళ్లు లేరు, ఆయన్నే తమ్ముడనుకున్నాడు. ఆ ఇద్దరూ డ్యూటీ దిగి, ఒకే పళ్లెంలో చేపల పులుసు కలుపుకుని తినేవారు.

పదకొండేళ్ల కిందట ఒక వానాకాలం పొద్దున వాళ్ల బండి రెడ్ సిగ్నల్ దాటేసి, అలా దాటిన బండిని ఆపడానికి పోసే ఇసక దిబ్బ ఎక్కేసింది. మనుషులకేమీ కాలేదు. రాయి వ్యాగన్లు పడిపోయాయి. ఎంక్వయిరీలో నాన్న అన్నాడు, పక్క లైను సిగ్నల్ చూసి గ్రీన్ అని పొరబడ్డాను, తప్పు నాదే, కానీ భూషణం బదులు పలకలేదు, రెడ్ అని పలికుంటే ఆపేసేవాణ్ని అని. బాబాయిని అడిగితే తలొంచుకుని "పలకలేదేమో సార్" అన్నాడట. నాన్నని మెయిన్ లైను నుంచి తీసి యార్డులో వేశారు. బాబాయికి ఉద్యోగమే పోయింది. పెళ్లాం పిల్లల్తో కాలనీ వదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో మేం అడగలేదు. నమ్మినవాడు నోరు తెరవలేదని నాన్న కుమిలిపోయాడు. ఆ తర్వాతే ఇంట్లో కేకలు వద్దన్నాడు.

మెట్లు దిగుతూ ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "మీ నాన్న పేరేటమ్మా?"

"భూషణం" అంది.

"నువ్వు... కన్నమ్మవా? మా ఇంట్లో చింతకాయలు కాజేసి పారిపోయే కన్నమ్మవా?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "వరాలక్కా?" అంది. మెట్లమీదే నా మెడ కావిలించుకుంది. నేను దానికి ఏ మాట చెప్పి మొహం చూపించాలో తెలియక తడబడుతుంటే, అదేమీ పట్టించుకోకుండా గలగలా చెప్పేసింది. ఇక్కడే జగదల్‌పూర్‌లో ఉన్నారట, బాబాయి బడిపిల్లల ఆటో నడుపుతాడట, తనని తీసుకెళ్లడానికి వస్తాడట.

"మా నాన్న కూడా బయట ఉన్నాడే" అన్నాను భయంగా.

"పెదనాన వచ్చేడా?" అంది. దాని మొహంలో కోపం వెతికాను. లేదు.

గేటుకి ఎదురుగా, రోడ్డవతల టీ బడ్డీ. దాని ముందు బల్లమీద నాన్న కూర్చుని ఉన్నాడు, కుడిభుజం రేకుల షెడ్డు గుంజకి ఆనించి. రోడ్డుమీద లారీల రొద. సరిగ్గా అప్పుడే నాన్నకి కుడిపక్కన పసుపు ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనిషికి జుట్టంతా నెరిసిపోయింది, పొట్ట వచ్చింది, నడక మాత్రం అదే.

కన్నమ్మ ఇవతల నుంచే చెయ్యెత్తి "పాస్!" అని అరిచింది.

బాబాయి చెయ్యెత్తాడు. "పాసే, పోనీ!" అన్నాడు. నాకు ఒక్కసారిగా చిన్నతనమంతా తిరిగొచ్చినట్టయింది.

అప్పుడాయన నాన్నని చూశాడు. అలా నిలబడిపోయాడు. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం లేదు.

"దేవరాజన్నా!" అని పిలిచాడు. రోడ్డుకి ఇవతలున్న మాక్కూడా వినబడింది.

నాన్న టీ తాగుతున్నాడు. తల తిప్పలేదు.

"అన్నోయ్!"

నాన్న గ్లాసు ఊదుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి వచ్చి నోరారా అన్నా అని పిలుస్తుంటే ఇంకా పొగరేటి? నాన్నని నిలదీద్దామని గబగబా రోడ్డు దాటాను. కన్నమ్మ నా వెనకే వచ్చింది.

బాబాయికి మాత్రం కోపం రాలేదు. మూడోసారి పిలవలేదు. చిన్నగా నవ్వుకుని, బల్ల వెనకనుంచి చుట్టూ తిరిగి, నాన్నకి ఎడమపక్కకి వచ్చాడు. అక్కడ వంగి, దగ్గరున్న నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా, "అన్నా" అన్నాడు.

నాన్న తుళ్లిపడ్డాడు. టీ లుంగీమీద ఒలికిపోయింది.

నేను ఎక్కడున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. కన్నమ్మ నా పక్కకొచ్చి మామూలుగా అంది, "మా నాన ఎప్పుడూ అంతేనక్కా, పెదనాన మాటొస్తే నవ్వుతాడు. కుడిపక్కనుంచి పిలిస్తే ఆయనకి ఇనబడదు కదా, చుట్టూ తిరిగెల్లాలంటాడు. మా ఇంట్లో అందరికీ తెలుసు."

మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బస్సులో కుడివైపు కిటికీ. గోడకి ఆనించిన మంచం. నచ్చని మాట చెవికెక్కించుకోని పొగరు. ఇన్నేళ్లూ మేం పొగరన్నది పొగరు కాదు. రైలింజన్లో డ్రైవరు ఎడమపక్క కూర్చుంటాడు, అసిస్టెంటు కుడిపక్క. ఇది మా కాలనీలో పసిపిల్లలకీ తెలుసు. చెవి సంగతి బయటపడితే డ్రైవరు ఉద్యోగం ఆ పూటే పోతుంది. అదీ తెలుసు. అందుకే ఆ ఎంక్వయిరీలో ఒక మనిషి తలొంచుకుని, పలకలేదేమో సార్ అన్నాడు.

నాన్న బాబాయి రెండు చేతులూ పట్టుకున్నాడు. వదల్లేదు. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పదకొండేళ్ల బరువు ఆ ముసలి మొహంలోంచి దిగిపోతుంటే చూసి నాకూ ఏడుపొచ్చింది, హాయిగానూ అనిపించింది. బాబాయిని లాగి తన ఎడమపక్కన కూర్చోబెట్టుకున్నాడు. టీ చెప్పాడు. పిల్లలిద్దరూ పాసయ్యారంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇంక అక్కడితో అయిపోయిందనుకున్నాను.

టీ వచ్చింది. నాన్న దాన్ని ముట్టుకోలేదు. తన కుడిచెవి మీద ఒకసారి చెయ్యి పెట్టుకుని తీశాడు.

"భూషణం" అన్నాడు. "ఆవేళ... నువ్వు పలికేవా?"

బాబాయి మొహంలో నవ్వు ఆగిపోయింది. నావైపు చూశాడు. అవునంటే నాన్న ఏమైపోతాడో ఆయనకి తెలుసు. కాదంటే మళ్లీ అదే అబద్ధం, ఈసారి కూతురి ముందు. కన్నమ్మ కళ్లు ఆర్పకుండా తండ్రినే చూస్తోంది. లారీ ఒకటి హోరుమంటూ వెళ్లిపోయింది. నాన్న ఎడమచెవి కొంచెం దగ్గరకి వంచాడు.

బాబాయి గ్లాసు బల్లమీద పెట్టి, ఇంజన్లో సిగ్నల్‌కి బదులు పలికేటప్పటిలా నెమ్మదిగా చెయ్యెత్తాడు.